లెక్కల పుస్తకంలో మనుషుల్ని కూడా చూసిన మిల్లు యజమాని: రాబర్ట్ ఓవెన్



మన వార్షిక నివేదికలో ఒక గొప్ప మనిషి జీవితం రాసే పని ఈసారి నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి వరకే చదివాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్తాను. పోయిన సీజన్లో మా గ్రామ సమాఖ్య కందులు కొని అమ్మింది. తేమ సరిగా చూసుకోకుండా తూకం వేసి డబ్బులిచ్చేశాం. ఆరబెట్టాక తూకం తగ్గింది, నష్టం వచ్చింది. సంవత్సరం నివేదిక రాసే రోజు వచ్చేసరికి గొడవ మొదలైంది. ఇది రాస్తే బ్యాంకువాళ్ళు లోన్ ఇవ్వరని కొందరు, రాయకపోతే సభ్యులకు ఏం మొహం చూపిస్తామని కొందరు. రెండు మీటింగులు దీనితోనే అయిపోయాయి. సరిగ్గా అప్పుడే సహకార సంఘాల శిక్షణకు వెళ్ళాను. అక్కడ రాబర్ట్ ఓవెన్ గురించి చెప్పారు. రెండు వందల ఏళ్ళ కిందటి మనిషి, ఎక్కడో చలి దేశంలో మిల్లు నడిపినవాడు. అయినా వింటున్నంతసేపూ మన కథే వింటున్నట్టు అనిపించింది.

రాబర్ట్ ఓవెన్ 1771 మే 14న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో న్యూటౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు తయారుచేసేవాడు, ఇనుప సామాను కూడా అమ్మేవాడు. ఏడుగురు పిల్లల్లో ఈయన ఆరోవాడు. తొమ్మిదేళ్ళకే బడి మానేశాడు. పదేళ్ళకు లండన్‌లో ఉన్న అన్న దగ్గరికి పంపేశారు. అక్కడి నుంచి స్టాంఫర్డ్ అనే ఊళ్ళో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాడు. ఆ కొట్టు యజమాని ఒకప్పుడు బుట్టలో సరుకు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. మంచి సరుకు, అందరికీ ఒకటే ధర, మోసం లేని బేరం అనే పద్ధతి మీద పైకొచ్చాడు. వ్యాపారం ఇలా కూడా చెయ్యొచ్చని ఓవెన్ మొదట చూసింది అక్కడే.

తర్వాత మాంచెస్టర్ నగరం చేరాడు. అప్పుడే అక్కడ నూలు వడికే యంత్రాలు వస్తున్నాయి. పల్లెల్లో చేతులతో రాట్నం తిప్పే ఆడవాళ్ళ పని పోయి, ఆ పని మిల్లుల్లోకి వెళ్ళిపోతున్న కాలం అది. ఇరవై ఏళ్ళ వయసులోనే 500 మంది పనిచేసే మిల్లుకు ఓవెన్ మేనేజర్ అయ్యాడు. మొదటి ఆరు వారాలు ఆయన పెద్దగా మాట్లాడలేదు, కొత్త ఆర్డర్లు ఏవీ వెయ్యలేదు. అందరికంటే ముందు వచ్చి, అందరి తర్వాత వెళ్తూ, ఏ పని ఎలా జరుగుతోందో చూసి నేర్చుకున్నాడు. ఆ తర్వాతే చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా లీడర్ అయినవాళ్ళం మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఆయన పేరు నిలబెట్టిన ఊరు మాత్రం న్యూ లానార్క్. అది స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున ఉంది. నది అక్కడ జలపాతంలా దూకుతుంది. ఆ నీటి బలంతో చక్రాలు తిరిగితే మిల్లు నడిచేది. డేవిడ్ డేల్ అనే ఆయన ఆ మిల్లు కట్టించాడు. 1799లో ఓవెన్, ఆయన భాగస్వాములు కలిసి 60,000 పౌండ్లకు దాన్ని కొన్నారు. అదే ఏడాది డేల్ గారి కూతురు కరోలిన్‌ను ఓవెన్ పెళ్ళి చేసుకున్నాడు. 1800 జనవరి 1 నుంచి మిల్లు నడిపే బాధ్యత తీసుకున్నాడు.

అప్పటికి అక్కడ రెండు వేల మంది దాకా జనం. వాళ్ళలో సుమారు 500 మంది పిల్లలు, అనాథ శరణాలయాల నుంచి తెచ్చినవాళ్ళు. అయిదారేళ్ళ పిల్లలు కూడా ఉండేవాళ్ళు. పొద్దున ఆరు గంటల నుంచి రాత్రి ఏడు గంటల దాకా పని. డేల్ గారు చెడ్డవాడేమీ కాదు. పిల్లలకు తిండి, బట్ట బాగానే చూసేవాడు, రాత్రిపూట బడి కూడా పెట్టాడు. కానీ పదమూడు గంటలు నిలబడి పనిచేసిన పిల్లకు రాత్రి అక్షరం ఏం ఎక్కుతుంది? కునికిపాట్లు తప్ప. పెద్దవాళ్ళ సంగతి చూస్తే తాగుడు, కొట్లాటలు, మిల్లులో దొంగతనాలు. ఊళ్ళో కొట్లవాళ్ళు నాసిరకం సరుకు ఎక్కువ ధరకు అప్పు మీద ఇచ్చేవాళ్ళు. కూలి చేతికి రాకముందే అప్పుకు పోయేది.

ఓవెన్ మనుషుల్ని తిట్టలేదు, కోర్టులకు ఈడ్చలేదు. మనిషి ఎలా తయారవుతాడన్నది వాడు పెరిగిన చోటును బట్టి ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. కాబట్టి ముందు చోటును మార్చాలనుకున్నాడు. మంచి సరుకు టోకున తెప్పించి, కొన్న ధర మీద కొద్దిగా మాత్రమే వేసి అమ్మే కొట్టు తెరిచాడు. ఇంటి ఖర్చులో నాలుగో వంతు దాకా మిగిలింది. సారా దుకాణాల్ని మెల్లమెల్లగా ఊరికి దూరం జరిపించాడు. ఇళ్ళు పెద్దవి చేయించాడు, వీధులు శుభ్రం చేయించాడు. కూలిలో అరవయ్యో వంతు జమ చేసుకుంటూ జబ్బుపడ్డవాళ్ళ కోసం ఒక నిధి నడిచింది. పొదుపు బ్యాంకు కూడా పెట్టారు. అరవై రూపాయల కూలికి ఒక రూపాయి జమ చేసినట్టు. మన పొదుపుకు దూరపు చుట్టరికం అనుకోవచ్చు.

అయినా జనం ఆయన్ని వెంటనే నమ్మలేదు. వేరే ప్రాంతం మనిషి, మాట తీరు వేరు. ఎన్ని చెప్పినా చివరికి మా దగ్గర ఎక్కువ పని లాగడానికే అనుకున్నారు. అలా ఆరేడేళ్ళు గడిచాయి. అప్పుడు అమెరికా తన దేశపు సరుకు ఓడలు బయటికి పోకుండా ఆపేసింది. పత్తి ధర ఆకాశానికంటింది. చాలా మిల్లులు మూతపడి కూలివాళ్ళు వీధిన పడ్డారు. ఓవెన్ కూడా యంత్రాలు ఆపాడు. కానీ ఒక్కరినీ పంపెయ్యలేదు. యంత్రాలు శుభ్రంగా ఉంచే పని మాత్రం చెప్పి, నాలుగు నెలలు పూర్తి కూలి ఇచ్చాడు. దానికి 7,000 పౌండ్ల పైన ఖర్చయింది. ఆ నాలుగు నెలల తర్వాత ఆయన మాట మీద అనుమానపడినవాళ్ళు లేరు. కష్టకాలంలో చేసిన పని చూసి వచ్చే నమ్మకం, ఎన్ని మాటలు చెప్పినా రాదు.

మిల్లులో ఆయన పెట్టిన ఇంకో పద్ధతి ఉంది. ప్రతి మనిషి పనిచేసే చోట ఒక చిన్న చెక్క దిమ్మ వేలాడదీశారు. దానికి నాలుగు పక్కలు, నాలుగు రంగులు. నలుపు అంటే బాగోలేదు, నీలం అంటే ఫరవాలేదు, పసుపు అంటే మంచిది, తెలుపు అంటే చాలా మంచిది. ముందురోజు పనిని బట్టి సూపర్‌వైజర్ ఆ రంగును ముందుకు తిప్పేవాడు. రోజూ దాన్ని పేరుపేరునా పుస్తకంలో రాసేవాళ్ళు. సూపర్‌వైజర్ అన్యాయంగా రంగు వేశాడనుకుంటే నేరుగా ఓవెన్ దగ్గరికి వెళ్ళి చెప్పుకునే హక్కు ఉండేది. ఓవెన్ మిల్లులో నడుస్తూ దిమ్మను చూసేవాడు, మనిషిని చూసేవాడు, మాట అనకుండా వెళ్ళిపోయేవాడు. దెబ్బలు, తిట్లు, జరిమానాలు నడిచే ఆ రోజుల్లో ఇది చాలా మెత్తటి పద్ధతి. మొదట్లో నల్ల దిమ్మలు ఎక్కువ ఉండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు, తెలుపు పెరిగాయి.

నేను మాత్రం ఇది విన్నప్పుడు ఒకటి అనుకున్నాను. అందరి పక్కనా దిమ్మ వేలాడింది, యజమాని పక్కన వేలాడలేదు. ఆయనది ఏ రంగో తిప్పేవాళ్ళు ఎవరు? ఈ ప్రశ్న మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పిల్లల విషయానికి వద్దాం. శరణాలయాల నుంచి పిల్లల్ని తేవడం ఓవెన్ ఆపేశాడు. పదేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేశాడు. వాళ్ళకు బడి కావాలన్నాడు. ఇక్కడే భాగస్వాములతో తగువు వచ్చింది. వాళ్ళ దృష్టిలో బడి దండగ ఖర్చు. ఒకసారి భాగస్వాములు మారారు, అయినా తగువు తీరలేదు. చివరికి 1813లో మిల్లును వేలం వేయాలని పట్టుబట్టారు. తక్కువకు తామే కొనుక్కుని ఓవెన్‌ను పంపెయ్యాలని వాళ్ళ ఆలోచన. అందుకని ఆ మిల్లు 40,000 పౌండ్లు కూడా చెయ్యదని ప్రచారం చేశారు.

ఓవెన్ లండన్ వెళ్ళాడు. తన లెక్కలు, తన ఆలోచనలు పుస్తకంగా అచ్చువేసి పెద్దవాళ్ళకు చూపించాడు. ఆరుగురు కొత్త భాగస్వాములు దొరికారు. అందులో పేరున్న ఆలోచనాపరుడు జెరెమీ బెంథమ్ ఒకరు, విలియం అలెన్ అనే ధర్మాత్ముడు ఒకరు. వాళ్ళ ఒప్పందం వినండి. పెట్టిన డబ్బుకు ఏడాదికి నూటికి అయిదు మాత్రమే తీసుకుంటారు. అంతకుమించి వచ్చిన లాభం పిల్లల చదువుకు, కార్మికుల బాగుకు ఖర్చు పెట్టాలి. లాభానికి ముందే గీత గీసుకుని వ్యాపారంలోకి దిగారన్నమాట.

1813 డిసెంబర్ 31న గ్లాస్గో నగరంలో వేలం జరిగింది. పాత భాగస్వాములూ పాడారు. ఇరుపక్షాలూ పంతం మీద పెంచుకుంటూ పోయారు. చివరికి 1,14,100 పౌండ్లకు మిల్లు ఓవెన్ పక్షానికే వచ్చింది. ఆ తర్వాత పాత లెక్కలు తేల్చి చూస్తే, పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ తీసేశాక కూడా నాలుగేళ్ళ లాభం 1,60,000 పౌండ్లు ఉంది. మనుషుల్ని బాగా చూసుకుంటే నష్టపోతామన్న మాట అబద్ధమని ఆ పుస్తకాలే చెప్పాయి. ఓవెన్ తిరిగొస్తుంటే జనం ఎదురెళ్ళి, బండికి కట్టిన గుర్రాల్ని విప్పేసి తామే లాక్కుంటూ ఊళ్ళోకి తెచ్చారు.

1816 జనవరి 1న న్యూ లానార్క్‌లో కొత్త బడి భవనం తెరిచారు. నడక వచ్చిన పిల్లల దగ్గర్నుంచి తీసుకునేవాళ్ళు. తల్లులు నిశ్చింతగా పనికి వెళ్ళేవాళ్ళు. ఇప్పటి మన అంగన్‌వాడీ లాంటిది. చిన్నపిల్లల బడికి ఓవెన్ పెద్ద చదువులవాళ్ళను వెతకలేదు. జేమ్స్ బుకానన్ అనే నేతపనివాణ్ణి, మోలీ యంగ్ అనే పదిహేడేళ్ళ అమ్మాయిని పెట్టాడు. ఇద్దరికీ చదువు అంతంత మాత్రం. కానీ పిల్లలంటే ప్రాణం, ఓపిక ఉన్నవాళ్ళు. పిల్లల్ని కొట్టకూడదు, తిట్టకూడదు అన్నది మొదటి నియమం. ఆటలు, పాటలు, డాన్సు, బొమ్మలు, పటాలు చూపిస్తూ చదువు. పెద్దవాళ్ళకు రాత్రి బడి. పని గంటలు కూడా తగ్గించాడు. భోజనం విరామాలు తీసేస్తే రోజుకు పదిముప్పావు గంటలు. మనకు ఎక్కువే అనిపిస్తుంది గానీ, పక్క మిల్లుల్లో పదమూడు, పద్నాలుగు గంటలు నడిచేది.

ఈ వింత చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పదేళ్ళలో ఇరవై వేల మంది దాకా సందర్శకుల పుస్తకంలో సంతకాలు పెట్టారు. తర్వాత రష్యా చక్రవర్తి అయిన నికొలస్ కూడా వచ్చి చూశాడు. ఓవెన్ ఎవరికీ తలుపు వెయ్యలేదు. ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు.

తన మిల్లు ఒక్కటీ బాగుంటే చాలదని దేశం మొత్తానికి చట్టం కావాలని 1815 నుంచి తిరిగాడు. మిగతా మిల్లు యజమానులు అడ్డుపడ్డారు. 1819లో చట్టం వచ్చింది గానీ నీరుగారిపోయి వచ్చింది. నూలు మిల్లులకే పరిమితం. తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదన్నారు, పదహారేళ్ళ లోపువాళ్ళకు రోజుకు పన్నెండు గంటలన్నారు. కానీ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లను పెట్టలేదు. చూసేవాళ్ళు లేని చట్టాన్ని పాటించేది ఎవరు? ఇన్‌స్పెక్టర్లతో కూడిన చట్టం 1833లో గానీ రాలేదు. ఆడిట్ లేని సంఘం గతే ఆ చట్టానికీ పట్టింది.

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్నకు వస్తాను. ఓవెన్ మిల్లుకు వచ్చే పత్తి ఎక్కడిది? అమెరికాలోనూ, అటువైపు దీవుల్లోనూ బానిసలు పండించిన పత్తి. ఆఫ్రికా నుంచి తెచ్చి అమ్మేసిన మనుషులు, వాళ్ళ పిల్లలు, కొరడా దెబ్బల కింద తీసిన పత్తి. తన మిల్లులో పిల్లవాణ్ణి కొట్టకూడదన్న మనిషి, ఆ పత్తి తీసిన పిల్లల లెక్క రాయలేదు. మామగారు డేవిడ్ డేల్ బానిస వ్యాపారం ఆపాలని గ్లాస్గోలో పనిచేసినవాడు. ఓవెన్ మాత్రం 1829లో జమైకా దీవికి వెళ్ళొచ్చి, ఇంగ్లండ్ కూలివాళ్ళ కంటే అక్కడి బానిసలే నయంగా ఉన్నారని రాశాడు. ఎంత మంచివాడైనా, తన కంటికి కనిపించే గోడ దాకానే మంచితనం చూపించాడు. గోడ అవతల ఉన్నది ఆయన పుస్తకంలోకి రాలేదు. ఆయన దిమ్మ తిప్పేవాళ్ళు ఉంటే అది ఏ రంగు వైపు తిరిగేదో మీరే చెప్పండి.

ఆ తర్వాత ఓవెన్ జీవితం ఒడుదొడుకుల్లో పడింది. బడిలో ఏం నేర్పాలన్న విషయంలో విలియం అలెన్‌తో గొడవలు వచ్చి న్యూ లానార్క్ వదిలేశాడు. అమెరికా వెళ్ళి 1825లో న్యూ హార్మనీ అనే చోట అందరూ కలిసి సమానంగా బతికే ఊరు పెట్టాడు. ఎవరు పడితే వాళ్ళు వచ్చి చేరారు. నియమాలు చాలాసార్లు మారాయి. పనిచేసేవాళ్ళు తక్కువ, తినేవాళ్ళు ఎక్కువ. రెండేళ్ళలో విడిపోయింది. ఆయన ఆస్తిలో అయిదింట నాలుగు వంతులు, 40,000 పౌండ్లు, అందులో పోయాయి. ఆయన ఆగలేదు. కార్మిక సంఘాలు, సహకార సంఘాలు అంటూ ముసలితనం దాకా ఊళ్ళు తిరిగాడు. 1858 నవంబర్ 17న, తను పుట్టిన న్యూటౌన్‌లోనే, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన పెట్టిన ఊళ్ళు నిలవలేదు. కానీ ఆయన మాటలు విన్నవాళ్ళు కొందరు నిలబెట్టినది ఇప్పటికీ ఉంది. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ ఊళ్ళో 28 మంది నేతపనివాళ్ళు, ఇతర కూలివాళ్ళు వారం వారం కొద్ది పెన్నీలు దాచుకుని 28 పౌండ్లు కూడబెట్టారు. డిసెంబర్ 21న చిన్న కొట్టు తెరిచారు. వెన్న, చక్కెర, పిండి, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు, అంతే సరుకు. వాళ్ళలో ఓవెన్ దారిని నమ్మినవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళు ఓవెన్ చెయ్యని పని ఒకటి చేశారు. మంచితనాన్ని ఒక్క మనిషి మీద వదిలెయ్యకుండా నియమంగా రాసుకున్నారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం. ఎంత డబ్బు పెట్టినా ఒక మనిషికి ఒకటే ఓటు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే హక్కు. మూడు నెలలకోసారి లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి. లాభం ఎవరెంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచాలి.

ప్రపంచంలో సహకార సంఘాలు ఈ నియమాల నుంచే పెరిగాయి. మన దేశంలో 1904లో మొదటి సహకార చట్టం వచ్చింది. మన తెలుగు నేల మీద 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. మన మండల సమాఖ్య రిజిస్ట్రేషన్ అయింది ఆ చట్టం కిందే. ఆఫీసులో గోడకు వేలాడే ఆ సర్టిఫికెట్ వెనక ఇంత కథ ఉందని శిక్షణకు వెళ్ళేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలను కూడా ఈ దారిలోకి తెస్తున్నారు. 2022-23 నుంచి షేర్ మార్కెట్లో ఉన్న మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు లాభనష్టాలతో పాటు ఇంకో నివేదిక ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. ఎంత నీళ్ళు వాడారు, ఎంత చెత్త వదిలారు, ఎంత మంది ఆడవాళ్ళకు పని ఇచ్చారు, పనిలో ఎంత మందికి దెబ్బలు తగిలాయి, ఇవన్నీ రాయాలి. సరుకు ఎవరి దగ్గర కొంటున్నారన్నదీ అందులో అడుగుతారు. గోడ అవతల ఏం జరుగుతోందన్న ప్రశ్న ఇన్నాళ్ళకు కాగితం మీదికి వచ్చింది. రాసినదంతా నిజమేనా అని అడిగేవాళ్ళు ఉంటేనే దానికీ విలువ.

చివరగా మా కందుల సంగతి. శిక్షణ నుంచి వచ్చాక మూడో మీటింగులో ఈ కథ చెప్పాను. మేం ఆ నష్టాన్ని నివేదికలో రాశాం. ఎందుకు వచ్చిందో, తేమ చూసే మిషన్ లేకుండా ఇక కొనకూడదని ఏం తీర్మానం చేశామో కూడా రాశాం. అందులో నా తప్పు కూడా ఉంది. ఆ రోజు కాటా దగ్గర సంతకం పెట్టింది నేనే. ఆ మాట కూడా రాయించాను. బ్యాంకువాళ్ళు ఏమంటారో ఇంకా తెలియదు. కానీ ఒకామె, పోయిన ఏడాది అసలు మీటింగులకే రాని ఆమె, ఆ పేజీ చదివించుకుని, మిగతా పేజీలు కూడా చదవమని అడిగింది.

ఈ పుస్తకం మీ చేతికొచ్చినప్పుడు ఫోటోలు చూసి పక్కన పెట్టెయ్యకండి అక్కా. మీ గ్రామ సమాఖ్య పేజీ తీసి, చదువు రానివాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి. అర్థం కాని అంకె ఉంటే వచ్చే మీటింగులో అడగండి. లీడర్ల పక్కన వేలాడాల్సిన దిమ్మ ఇదే. దాన్ని తిప్పాల్సింది మీరే.